చూపు నిలిచే కళ్లు: చేత్తో చేసే జంతు వేషం తలలకు సహజమైన కళ్లు చిత్రించే సమగ్ర మార్గదర్శి

ఐరిస్‌లో, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయంలో, సన్నగీతలు గీయడానికి చాలామంది రోజంతా కూర్చుంటారు. పైరెప్ప నీడకు ఐదు నిమిషాలు కూడా పెట్టరు. తీరా తల తొడుక్కుని నాలుగు మీటర్ల దూరంలో నిలబడితే ఆ గీతలు ఒక్కటీ కనిపించవు. నీడ లేని లోటు మాత్రం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కన్ను పొరలున్న వస్తువు. ముందు ఉబ్బెత్తుగా, పారదర్శకంగా కార్నియా ఉంటుంది. దాని వెనక కొంచెం ఎడం, ఆ తర్వాత రంగున్న ఐరిస్, ఐరిస్ నడుమ కంటిపాప. మనం నల్లచుక్క అనుకునే ఆ పాప నిజానికి లోపలి చీకటి కనిపించే రంధ్రం. వీటన్నిటి మీద రెప్ప నీడ పడుతుంది. ఈ పొరలను ఒకదాని వెనక ఒకటి, ఉండాల్సిన చోట ఉండాల్సినట్టు కట్టుకురావడమే ఇక్కడ చెప్పబోయే పని. ఉదాహరణకు 40 మి.మీ. తోడేలు కన్ను తీసుకున్నాం. వేరే జంతువులకు ఏం మార్చాలో ఎక్కడికక్కడ చెబుతున్నాం.

ముందు జంతువును తేల్చుకోండి

రంగు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ, కంటిపాప ఆకారం తప్పితే జంతువే మారిపోతుంది. పెంపుడు పిల్లికీ ఎర్ర నక్కకూ పాప నిలువు చీలికగా ఉంటుంది. పిల్లి కుటుంబానికే చెందిన పులికి, సింహానికి మాత్రం గుండ్రటి పాప. పులి తలకు నిలువు చీలిక పెట్టడం తరచూ కనిపించే పొరపాటు. తోడేలు, కుక్కలకూ గుండ్రమే. మేక, గొర్రె, గుర్రం, జింకలకు పాప అడ్డంగా ఉంటుంది. మేకకైతే దాదాపు దీర్ఘచతురస్రం. గుర్రం పాప పై అంచున ముదురు గోధుమరంగు బుడిపెలు కిందికి వేలాడుతుంటాయి. అవి రెండు మూడు పెడితే చాలు, చూసినవాళ్లు గుర్రమని పోల్చుకుంటారు.

అడ్డపాప ఉన్న జంతువులతో ఒక చిక్కుంది. మేక తల వంచి గడ్డి మేస్తున్నప్పుడు కనుగుడ్డు 50 డిగ్రీలకు పైగా తిరిగి, పాపను నేలకు సమాంతరంగానే ఉంచుతుంది. మన వేషం కన్ను అలా తిరగదు. కాబట్టి తొడుక్కునే మనిషి తలను ఎక్కువసేపు ఏ వాలులో మోస్తాడో చూసి, ఆ వాలులో పాప నేలకు సమాంతరంగా ఉండేలా బిగించాలి. తలను బల్ల మీద నిటారుగా పెట్టి కొలిస్తే తర్వాత తేడా వస్తుంది.

పాప సైజు జంతువు మనోభావాన్ని మార్చేస్తుంది. ఐరిస్ వ్యాసంలో మూడో వంతు ఉంటే మామూలు చూపు, నాలుగో వంతుకు తగ్గితే క్రూరత్వం, సగానికి పెరిగితే మెత్తదనం. చీలిక పాపకూ ఇదే లెక్క: సన్నగా ఉంటే పదును, వెడల్పయ్యేకొద్దీ సౌమ్యం.

తొడుక్కున్న మనిషి ఎక్కడి నుంచి చూస్తాడు?

రంగు డబ్బా మూత తీయకముందే ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి. దారులు మూడు.

మొదటిది గట్టి (లోపల బోలు లేని) రెసిన్ లేదా అక్రిలిక్ డోమ్, అంటే పారదర్శకమైన గుమ్మటం. దాని చదునైన వెనక వైపు ఐరిస్ ఉంటుంది. చూడటానికి ఇదే అన్నిటికన్నా సహజంగా ఉంటుంది, కానీ దానిలోంచి మనిషికి ఏమీ కనిపించదు. చూపు కోసం ముక్కువైపు కనుకొలకు దగ్గర నల్ల మెష్ (సన్న రంధ్రాల వల) వేసిన సందు వదలాలి. రెండోది బోలు డోమ్, వెనక ఐరిస్ డిస్క్, డిస్క్‌కు పాప ఆకారంలో రంధ్రం, రంధ్రం వెనక నల్ల మెష్. ఇందులో పాప నిజంగానే రంధ్రం కాబట్టి లోతు దానంతటదే వస్తుంది, కొంత చూపూ దొరుకుతుంది. ఈ ఉపాయాన్ని గట్టి డోమ్‌తో చేయబోకండి: డోమ్ కటకంలా పనిచేసి ఎదుటిదంతా అలికేస్తుంది. మూడోది కన్ను మొత్తం మెష్ మీదే చిత్రించడం. చూపు బాగుంటుంది, గాలి ఆడుతుంది, సహజత్వం తగ్గుతుంది.

జనం మధ్య నడవాల్సిన వేషానికి మెష్ కళ్లు, ఫొటోలకూ వేదికకూ గట్టి డోమ్ నప్పుతాయి. మెట్లు, వాహనాలు ఉన్నచోట అందం కోసం చూపును వదులుకోవద్దు.

డోమ్ ఎంత పెద్దది చేసి చూపిస్తుంది

గట్టి డోమ్ కింద గీసినది గీసినంతే కనిపించదు. సరిగ్గా అర్ధగోళమైతే నడిమి భాగం దాదాపు ఒకటిన్నర రెట్లు పెరిగి కనిపిస్తుంది. వ్యాసార్ధంలో బయటి ఐదో వంతు నలిగి, అంచున వెంట్రుకంత గీతగా మిగులుతుంది. అందుకే కష్టపడి అంచుకు వేసిన ముదురు వలయం డోమ్ పెట్టగానే మాయమైందని చాలామంది కంగారుపడతారు. 40 మి.మీ. అర్ధగోళానికి ఐరిస్‌ను 28 మి.మీ. వ్యాసంతో గీస్తే సుమారు 36 మి.మీ.గా కనిపిస్తుంది. అదే 40 మి.మీ. అడుగుకు 10 మి.మీ. ఎత్తు మాత్రమే ఉన్న బల్లపరుపు డోమ్ అయితే నడిమి భాగాన్ని 15 శాతం దాకానే పెంచుతుంది. మొదటిసారి చేసేవారికి ఈ రెండోదే మేలు. కింది కొలతలన్నీ దానికే.

ఏ డోమ్ దొరికినా ముందు పరీక్షించండి. కాగితం మీద 2 మి.మీ. ఎడంతో ఏకకేంద్ర వృత్తాలు గీసి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, ఒక చుక్క గ్లిజరిన్ వేసి డోమ్ పెట్టండి. గ్లిజరిన్ లేకుండా పెడితే మధ్యలో గాలి పొర ఉండి, పక్కనుంచి చూసినప్పుడు అడుగు వెండిరంగులో మెరుస్తుంది. ఏ వృత్తం ఎక్కడ కనిపిస్తోందో రెండు మీటర్ల దూరం నుంచి చూసి రాసుకోండి.

కావలసినవి

బల్లపరుపు డోమ్‌లు రెండు, వీలైతే మూడు. అర మి.మీ. మందం ప్లాస్టిక్ షీట్ నుంచి కత్తిరించిన 40 మి.మీ. డిస్కులు నాలుగు, రెండు కళ్లకు నాలుగు వేసి, బాగా జోడీ కుదిరిన రెండు ఎంచుకోవాలి. అక్రిలిక్ రంగుల్లో నలుపు, బర్ంట్ అంబర్, బర్ంట్ సియెన్నా, యెల్లో ఓకర్, పసుపు, టైటానియం వైట్. గ్లాస్ (gloss, మెరుపునిచ్చే) మీడియం, గ్లాస్ వార్నిష్. కుంచెలు మూడు: చదునైన 4 నంబరు, గుండ్రటి 2 నంబరు, మొన చెదరని 3/0. దీనికన్నా సన్న కుంచె కొన్నా లాభం తక్కువ. రంగు పట్టుకోదు, గీత మధ్యలోనే ఆరిపోతుంది. 400 నంబరు ఉప్పుకాగితం, రెండు వైపులా అంటుకునే టేపు, వెడల్పు సీసా మూత ఒకటి. అంటించడానికి పారదర్శకమైన యూవీ రెసిన్ (యూవీ కాంతి పడితే గట్టిపడేది) లేదా రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ. రెసిన్‌తో పనిచేసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తెరవండి. గట్టిపడిన రెసిన్‌ను రుద్దాల్సి వస్తే తడిపి రుద్దండి, దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోండి.

ఐరిస్ చిత్రించడం

1. డిస్కులను ఉప్పుకాగితంతో తేలిగ్గా గరుకు చేసి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. పెన్సిల్‌తో మూడు వృత్తాలు గీయండి: 34 మి.మీ. ఐరిస్ అంచు, 18 మి.మీ. లోపలి వలయం, 11 మి.మీ. పాప. ఒక్కో డిస్కునూ టేపుతో సీసా మూతకు అంటించండి. గీసేటప్పుడు తిరగాల్సింది మూత. చెయ్యి ఒకే కోణంలో ఉండాలి. చెయ్యి తిప్పితే ఒక పక్క గీతలు లావుగా, మరో పక్క సన్నగా వస్తాయి.

2. అడుగు రంగు: బర్ంట్ అంబర్ రెండు పాళ్లు, నలుపు ఒక పాలు. డిస్కంతా రెండు పల్చటి పూతలు, ఒక్కోదానికి 20 నిమిషాల ఆరుదల. తెల్ల అడుగు మీద మొదలుపెడితే గీతల సందుల్లోంచి తెలుపు బయటపడి కన్ను సుద్దలా ఉంటుంది. ముదురు నుంచి లేతకు వస్తేనే సందులు నీడలవుతాయి.

3. నడిమి రంగు: బర్ంట్ సియెన్నా రెండు, ఓకర్ ఒకటి. దాదాపు పొడిగా ఉన్న 2 నంబరు కుంచెతో పొడుస్తూ వేయండి. బయటి అంచున 2 మి.మీ., పాప చుట్టూ 1 మి.మీ. అడుగు రంగు అలాగే వదలండి. హద్దులు గీతల్లా ఉండకూడదు, మసకగా కలిసిపోవాలి.

4. పోగులు. రంగుకు సమానంగా నీళ్లు కలిపి, 3/0 కుంచెతో లోపలి వలయం నుంచి బయటికి లాగుతూ, చివర కుంచెను పైకి ఎత్తేయండి. గీత మొదట్లో లావుగా, చివర సన్నగా ముగియాలి. పోగులు కొంచెం వంకరగా ఉంటాయి, కొన్ని రెండుగా చీలుతాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. గడియారం ముల్లులా అన్నీ కేంద్రం నుంచి సమాన దూరాల్లో లాగితే సైకిల్ చక్రం తయారవుతుంది. మొదటి వరస ఓకర్‌తో దట్టంగా. రెండో వరస ఓకర్ మూడు పాళ్లు, తెలుపు ఒకటి, కాస్త పసుపు కలిపి అందులో సగం గీతలు. మూడో వరస ఇంకా లేత రంగుతో పది పన్నెండు గీతలు, అవీ దిగువ సగంలోనే. లోపలి వలయం నుంచి పాప వైపు పొట్టి గీతలు వేరేగా వేయాలి. అక్కడి అల్లిక బయటిదానికన్నా చిక్కన.

5. ఆరాక ఒక పాలు బర్ంట్ సియెన్నాకు ఐదు పాళ్లు గ్లాస్ మీడియం కలిపి ఐరిస్ అంతా ఒక పల్చటి పూత. దీనితో విడివిడి గీతలు ఒకే కండగా కలిసిపోతాయి. ఈ పూత ముందు కన్ను బాగా లేదని డిస్కు పారేయకండి. ఈ దశ దాకా ఎవరి కన్నూ బాగుండదు.

6. నీడ. ఐరిస్ పై మూడో వంతు మీద అంబర్, గ్లాస్ మీడియం మిశ్రమంతో రెండు పూతలు, కిందికి వచ్చేకొద్దీ పల్చబడుతూ. దిగువన ఎడమ నుంచి కుడి దాకా చంద్రవంక ఆకారంలో లేత ఓకర్ మెరుపు. పైనుంచి వచ్చిన వెలుగు కార్నియాలో వంగి ఐరిస్ దిగువ భాగం మీద పోగవుతుంది కాబట్టి నిజం కళ్లలో కింద ఎప్పుడూ వెలుగు ఎక్కువ. దూరం నుంచి కన్ను బతికినట్టు కనిపించేది ఈ ఒక్క అంచె వల్లే. తొందరపడొద్దు.

7. బయటి వలయం: నలుపు, అంబర్ చెరిసగం. 34 మి.మీ. గీత దగ్గర 2 మి.మీ. వెడల్పున వేసి, తడి ఆరకముందే లోపలి అంచును శుభ్రమైన తడి కుంచెతో మసక చేయండి. బయట మిగిలిన డిస్కును పూర్తిగా నల్లగా నింపండి.

8. చివరగా పాప. నలుపు రెండు పూతలు. అంచు చుట్టూ అర మి.మీ. ముదురు గోధుమ మసక ఉండాలి. బ్లేడుతో కోసినట్టు ఉంటే పాప పైన అంటించిన స్టిక్కరులా తేలుతుంది. బోలు డోమ్ పద్ధతైతే ఇక్కడ నలుపు వేసే బదులు పాప ఆకారాన్ని కోసేసి, కోసిన అంచును నల్లబరచండి.

తెల్లటి మెరుపు చుక్క పెట్టకండి. డోమ్ ఉన్నప్పుడు అసలు దీపమే అక్కడ మెరుస్తుంది. గీసిన చుక్క తల తిరిగినా కదలదు కాబట్టి అబద్ధం బయటపడుతుంది.

నాలుగు డిస్కులనూ ఒకే విడతలో, ఒకే పళ్లెంలో కలిపిన రంగుతో, అంచెలవారీగా కలిపి నడపండి. ఒకటి పూర్తిచేసి రెండోది మొదలుపెడితే రంగు ఎన్నటికీ కలవదు. అయ్యాక ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చిన్నది చేసి చూడండి. పాప, ఐరిస్ కలిసిపోయి ఒకే మచ్చగా కనిపిస్తే ఐరిస్ ముదిరినట్టే. మూడో వరస గీతలు పెంచండి. వార్నిష్, రెసిన్ పడ్డాక రంగు ఇంకాస్త ముదురుతుందని గుర్తుంచుకుని, కావలసినదానికన్నా ఒక మెట్టు లేతగా ఆపడం మంచిది. జింక లాంటి నల్లకళ్ల జంతువులకు ఇది మరీ ముఖ్యం: ఉన్నదున్నట్టు వేస్తే దూరానికి తలలో రెండు చిల్లులు కనిపిస్తాయి. ఐరిస్‌ను రెండు మెట్లు లేత చేయండి.

డోమ్ బిగించడం

డిస్కు మీద గ్లాస్ వార్నిష్ రెండు పూతలు వేసి 24 గంటలు ఆగాలి. పైకి పొడిగా అనిపించే అక్రిలిక్ లోపల తడిగానే ఉండవచ్చు. ఆ తేమ రెసిన్ కింద చిక్కితే పాలపొరలా మసక కమ్ముతుంది, ఇక తీయలేం. ఆరాక మధ్యలో రెసిన్ బఠాణీ గింజంత వేసి, డోమ్‌ను ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చండి. నేరుగా పైనుంచి నొక్కితే గాలిబుడగ మధ్యలోనే చిక్కుకుని, వెండి చుక్కలా పాప మీదే కూర్చుంటుంది. పక్కలకు పొంగింది తుడిచి, యూవీ రెసిన్ అయితే డోమ్ పైనుంచి దీపం పెట్టండి. డోమ్ అక్రిలిక్‌దైతే అది యూవీ కాంతిని అడ్డుకునే రకమేమో ముందే చిన్న చుక్కతో పరీక్షించుకోవాలి. అడ్డుకుంటే ఎపాక్సీయే దిక్కు. ఎపాక్సీ బుడగలు పట్టకుండా మెల్లగా, గిన్నె అంచులు గీకుతూ కలపండి. పాళ్లు సీసా మీద ఉన్నట్టే ఉండాలి. గట్టిపరిచే ద్రవం ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్నది అపోహ, జిగటగానే మిగిలిపోతుంది.

సూపర్ గ్లూ ఈ పనికి పనికిరాదు. దాని ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి బూజులా పేరుకుంటుంది.

చెయ్యి తిరిగినవారు డిస్కు లేకుండా డోమ్ వెనకే నేరుగా చిత్రిస్తారు. గాలి పొర బెడద ఉండదు, మెరుపు స్వచ్ఛంగా ఉంటుంది. కాకపోతే వరసంతా తలకిందులు: చూసేవారికి దగ్గరగా ఉండాల్సింది ముందు వేయాలి. అంటే పాప, బయటి వలయం, పై నీడ, లేత గీతలు, ముదురు గీతలు, నడిమి రంగు, ఆఖరున వెనక నుంచి వెలుగు రాకుండా నల్ల పూత. ఒకసారి వేసిన గీతను పై పూతతో దిద్దుకునే వీలుండదు. ఆరకముందే తడి దూది పుల్లతో తుడిచేయాలి.

మెష్ మీద వేయాల్సి వస్తే

మెష్ బక్రమ్ (గంజి పెట్టి బిగించిన బట్ట) అయితే పల్చటి రంగులోని నీళ్లు, చెమట తగిలి మెత్తబడుతుంది. అందుకే రంగు చిక్కగా, పూతలు పల్చగా ఉండాలి. స్పాంజి ముక్కతో అద్దుతూ వేసి, ప్రతి పూత తర్వాత వెనకనుంచి ఊది రంధ్రాలు తెరవండి. ఒక్కసారి ఆరి మూసుకుపోతే సూదితో పొడుచుకుంటూ కూర్చోవాలి. లోపలి వైపు తప్పనిసరిగా నలుపు, అదీ మెరుపు లేనిది. బయటి లేత రంగు మీద వెలుగు పడి ఎదుటివారికి లోపల కనిపించదు, చీకట్లో ఉన్న మనిషికి బయట కనిపిస్తుంది. లోపల తెల్లగా ఉంటే ఈ ఏర్పాటు చెడిపోతుంది. మెరుపు చుక్క గీయాల్సింది మెష్ కళ్లకే. రెండు కళ్లలోనూ అది ఒకే వైపు ఉండాలి. అద్దంలో ప్రతిబింబంలా ఎదురెదురుగా పెడితే చూపు చెదిరిపోతుంది.

మెష్ కన్నును పది పదిహేను మి.మీ. లోతు గిన్నె అడుగున పెడితే ఎదుటివారు ఎటు నడిస్తే చూపు అటే వచ్చినట్టు ఉంటుంది. లోతున ఉన్న పాప, ముందున్న అంచుతో పోలిస్తే, చూసేవారు జరిగిన వైపే జరిగినట్టు కనిపించడమే కారణం. పిల్లలకు ఇది తెగ నచ్చుతుంది.

రెప్పలు, అమరిక

కళ్లను ముందే అతికించేయకండి. మెత్తటి మట్టి ముద్దతో తాత్కాలికంగా నిలబెట్టి, మూడు మీటర్ల దూరం నుంచి ఫొటో తీసి, ఫొటోను అద్దంలోలా తిప్పి చూడండి. మెల్లకన్ను తేడా తిప్పిన ఫొటోలో ఇట్టే తెలుస్తుంది. ఒక కన్ను రెండు డిగ్రీలు పక్కకు జరిగినా చాలు, వేషం పిచ్చిచూపు చూస్తుంది.

పైరెప్ప ఐరిస్‌లో ఆరో వంతును కప్పాలి, కింది రెప్ప అంచును తాకాలి. వలయం మొత్తం బయటపడితే జంతువు బిత్తరపోయినట్టుంటుంది. రెప్పను ఎపాక్సీ పుట్టీతోనో పల్చటి ఫోమ్‌తోనో డోమ్ కన్నా 3 నుంచి 5 మి.మీ. ముందుకు పొడుచుకొచ్చేలా కట్టండి; అసలు నీడ అప్పుడే పడుతుంది. తోడేలుకు రెప్ప అంచు 2, 3 మి.మీ. నల్లగా ఉండాలి. తెల్లగుడ్డు మూలల్లో కొంచెమే కనిపిస్తుంది. అక్కడ అచ్చమైన తెలుపు వాడొద్దు, బూడిద గోధుమలో చిటికెడు గులాబీ కలపండి. అన్నీ ఆరాక రెప్ప లోపలి అంచుకు, కనుకొలకుకు గ్లాస్ వార్నిష్ మూడు పూతలు వేస్తే తడి మెరుపు వస్తుంది. చుట్టూ ఫర్‌ను 4 మి.మీ.కు కత్తిరించి, కన్ను నుంచి బయటికి దువ్వండి. పొడుగు ఫర్ కింద ఎంత మంచి కన్నైనా దండగ.

కనుగుడ్డును లోపలి నుంచి అంటించేటప్పుడు గ్లూ గన్ వాడేవారు తక్కువ వేడిది తీసుకోవాలి. పల్చటి బోలు డోమ్ వేడికి వంకరపోతుంది. అసలు సిలికోన్ వాడితే రేపు మరమ్మతుకు కోసి తీయడం తేలిక.

వేషం వాడాక తలలోపల స్పిరిట్ చల్లి శుభ్రం చేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ తుంపర అక్రిలిక్ డోమ్ మీద పడితే కొన్నాళ్లకు జుట్టుపోగుల్లాంటి పగుళ్లు లేస్తాయి. చల్లే ముందు కళ్లకు గుడ్డ కట్టండి. దుమ్ము పడితే తుడిచేముందు నీళ్లతో కడిగి, సబ్బునీళ్లలో ముంచిన మెత్తటి బట్టతో అద్దండి. పొడిగా రుద్దితే గీతలు పడతాయి. గీత పడినా లోతు లేకపోతే ప్లాస్టిక్ పాలిష్‌తో పోతుంది. ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది కాబట్టి తలను కిటికీ పక్కన కాకుండా నల్లగుడ్డ సంచిలో, కళ్లకు ఏదీ ఒరుసుకోకుండా నిలబెట్టి దాచండి.